ఫిజీలో క్రిస్మస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిజీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి నీలం సముద్రం పక్కన రిసార్టు ఫొటోలు, రెండోది చెరకు తోటలకు కూలికి వెళ్లిన తాతముత్తాతల కథలు. అక్కడి క్రిస్మస్ సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. డిసెంబరులో అటు వెళ్లేవాళ్లు, అక్కడ బంధువులున్నవాళ్లు, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ముందే ఒక మాట. డిసెంబరు 25 ఒక్కరోజే చూసి వచ్చేస్తే ఈ పండగలో సగం కూడా చూడనట్టే. ఫిజీలో క్రిస్మస్ అంటే ఎక్కడెక్కడివాళ్లో సొంతూరికి చేరడం, పదిమందీ చెయ్యి వేసి పని చేయడం, ఆ పనిలోంచి వచ్చిన తిండి అందరూ కలిసి కూర్చుని తినడం. మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

ఫిజీ ఎక్కడుంది? అక్కడ క్రిస్మస్ నిజంగా అంత పెద్ద పండగా?

దక్షిణ పసిఫిక్‌లో, న్యూజిలాండ్‌కు ఉత్తరాన ఉంది. మొత్తం 300కు పైగా దీవులు. జనం ఉండేవి 110 దాకా ఉంటాయి. వీతీ లెవు, వనువా లెవు అనే రెండు పెద్ద దీవుల్లోనే ఎక్కువమంది ఉంటారు. రాజధాని సువా. 2017 జనగణన ప్రకారం దేశ జనాభా 8,84,887.

2007 లెక్కల్లో క్రైస్తవులు 64%, హిందువులు 28%, ముస్లింలు 6% దాకా ఉన్నారు. స్థానిక ఫిజియన్లను ఇతౌకేయి అంటారు. వాళ్లలో దాదాపు అందరూ క్రైస్తవులే, అందులోనూ ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన మెథడిస్టులు ఎక్కువ. డిసెంబరు 25, 26 రెండూ ప్రభుత్వ సెలవులు. బడులకు ఏడాది చివరి పెద్ద సెలవులు కూడా అప్పుడే. కాబట్టి ఉద్యోగం, చదువు, వ్యాపారం అన్నీ ఒక్కసారే నెమ్మదిస్తాయి. దీపావళి కూడా అక్కడ జాతీయ సెలవే. కాకపోతే ఊళ్లకు ఊళ్లు కదిలే కాలం మాత్రం క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకానే.

ఈ పండగ అక్కడికి ఎలా వచ్చింది?

1835 అక్టోబరులో విలియం క్రాస్, డేవిడ్ కార్గిల్ అనే మెథడిస్టు మిషనరీలు టోంగా నుంచి ఓడలో వచ్చి, తూర్పున లౌ దీవుల్లోని లకెంబాలో దిగారు. చరిత్ర అక్కడే మొదలైనట్టు చెబుతుంటారు గానీ, అంతకు ఐదేళ్ల ముందే, 1830లో, తాహితీ నుంచి ముగ్గురు బోధకులు ఆ దీవులకు చేరుకున్నారు. పసిఫిక్‌లో ఒక దీవి నుంచి మరో దీవికి క్రైస్తవాన్ని మోసుకెళ్లినవాళ్లలో తాహితీ, టోంగా, సమోవా మనుషులే ఎక్కువ. తెల్ల మిషనరీల పేర్లతో పాటు వాళ్లనూ తలుచుకోవాలి. ఆ దీవుల మర్యాదలు తెలిసినవాళ్లు కాబట్టే వాళ్ల మాట చెల్లింది.

1847లో కొత్త నిబంధన ఫిజియన్ భాషలో వచ్చింది. అసలు మలుపు మాత్రం 1854లో. బౌ దీవిని ఏలుతున్న రాతూ సేరు థాకొంబావు ఆ ఏడాది క్రైస్తవం తీసుకున్నాడు. రాతూ అంటే అక్కడ దొరల కుటుంబం మగవాళ్లకు ముందు చేర్చే గౌరవపదం. అక్కడ నాయకుడు నడిచిన దారిలో ఊరు నడుస్తుంది. ఆయన వెనకే వేలమంది చర్చిలోకి వచ్చారు. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటన్ చేతికి వెళ్లింది. పుడ్డింగు, డిసెంబరు 26న బాక్సింగ్ డే సెలవు, ఎర్రకోటు క్రిస్మస్ తాత వంటివన్నీ ఆ పాలనతో పాటు వచ్చినవి.

అయితే ఊరిపెద్ద ముందు యంగోనా (నీళ్లలో కలిపి తాగే ఒక మొక్క వేరు) పెట్టడం, నేలపొయ్యి, చాపల మీద అందరూ వరసగా కూర్చోవడం మిషనరీలు తెచ్చినవి కావు. అవి అంతకుముందే ఉన్నాయి. కొత్త పండగ వచ్చి వాటిలో ఇమిడిపోయింది.

డిసెంబరులో అక్కడ చలి ఉంటుందా?

ఉండదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి డిసెంబరు అక్కడ ఎండాకాలం, వానాకాలం రెండూ కలిసిన కాలం. పగలు 30 డిగ్రీలు దాటుతుంది, ఉక్కపోత, సాయంత్రాలు హఠాత్తుగా కుండపోత. మామిడి, అనాస, లీచీ పళ్ల కాలం. మన దగ్గర మే నెలలో ఎర్రగా విరబూసే తురాయి చెట్టు అక్కడ క్రిస్మస్‌కి పూస్తుంది. దాన్ని సెకౌలా అంటారు. సువా వీధుల్లో ఆ ఎరుపు చూస్తే వేరే అలంకారం ఎందుకనిపిస్తుంది.

సన్నాహాలు ఎప్పుడు మొదలవుతాయి?

డిసెంబరు మొదటి వారం నుంచే ఊరు కదులుతుంది. సువాలో ఉద్యోగం చేసేవాళ్లు, రిసార్టుల్లో పనిచేసేవాళ్లు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో స్థిరపడినవాళ్లు అందరూ సొంతూళ్లకు బయల్దేరతారు. దూరపు దీవులకు వెళ్లే ఓడల్లో కాలు పెట్టడానికి చోటుండదు. బియ్యం మూటలు, పిండి బస్తాలు, చక్కెర, బిస్కెట్ డబ్బాలు, చుట్టిన చాపలు, కొత్త ఫ్యాను, ఎవరికో బహుమతిగా గ్యాసు పొయ్యి, వీటి మధ్యే చాపలు పరుచుకుని జనం పడుకుంటారు. లౌ దీవులకైతే ఒక రాత్రంతా ప్రయాణం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. టికెట్ దొరుకుతుందా, గాలివాన వచ్చి ఓడ ఆగిపోతుందా అన్న టెన్షన్ ప్రతి ఏడూ ఉండేదే.

ఊళ్లో ఉన్నవాళ్లకూ చేతినిండా పనే. చర్చికి రంగులు వేస్తారు, దారుల పక్క గడ్డి కోస్తారు. ఆడవాళ్లు మొగలి జాతి ఆకులు ఉడికించి, ఎండబెట్టి, సన్నగా చీల్చి కొత్త చాపలు అల్లుతారు. ఈ అల్లిక వారాల పని. అంచులకు రంగురంగుల ఊలు కుచ్చులు కడతారు. పండగ రోజు ఇంట్లో కొత్త చాప పరిచారంటే వచ్చినవాళ్లను అంతగా గౌరవించినట్టు. దుంపలు తవ్వడం, పందిని చూసి పెట్టుకోవడం, వేటకూ చేపలకూ వెళ్లడం మగవాళ్ల వంతు. ఎవరింటి పని వాళ్లది అన్న లెక్క అక్కడ తక్కువ. ఒకరి తోటలో పదిమంది దిగుతారు, మర్నాడు అందరూ ఇంకొకరి తోటలో ఉంటారు.

చర్చిలో ఏం జరుగుతుంది?

పొద్దున్నే లాలీ మోగుతుంది. అది మానుని తొలిచి చేసిన పెద్ద దుంగ డోలు, రెండు కర్రలతో కొడతారు. గంట ఉన్న చర్చిల్లో కూడా లాలీ కొట్టడం ఆపలేదు. ఒకప్పుడు యుద్ధ వార్తలూ చావు కబుర్లూ చెప్పిన డోలు అది. ఇప్పుడు ప్రార్థనకు పిలుస్తుంది.

మగవాళ్లు చొక్కా, టై, దాని కింద సూలు వేసుకుంటారు. సూలు మన లుంగీలా నడుముకి చుట్టే బట్ట, చర్చికి వేసుకునేదాన్ని మాత్రం జేబులతో దర్జీ చేత కుట్టించుకుంటారు. ఆడవాళ్లు సూలు జంబా అనే పొడవాటి జత వేసుకుంటారు. ఒక కుటుంబమంతా ఒకే పూల డిజైన్ బట్టతో కుట్టించుకుని రావడం చాలాచోట్ల కనిపిస్తుంది.

ప్రార్థన, వాక్యం, పిల్లల పద్యాలు, యేసు పుట్టుక నాటకం మామూలే. ఫిజియన్ చర్చికి వెళ్లినవాళ్లు మర్చిపోలేనిది పాట. వాయిద్యం ఏమీ లేకుండా ఊరంతా నాలుగు శ్రుతుల్లో పాడుతుంది. ముందు ఒక ఆడగొంతు ఎత్తుకుంటుంది, క్షణంలో మిగతా గొంతులు వచ్చి కలుస్తాయి, అడుగున మగవాళ్ల బొంగురు స్వరం నేల అదిరినట్టు వినిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ అమ్మానాన్నల పక్కన కూర్చుని ఎవరి వరస వాళ్లు పట్టుకుంటారు. భాష రాకపోయినా సరే, ఫిజీలో ఉంటే ఒక్క ఆదివారమైనా వెళ్లి వినండి.

లోవో అంటే ఏమిటి?

నేలపొయ్యి. క్రిస్మస్ విందు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకా చీకటి ఉండగానే మగవాళ్లు పెరట్లో మోకాలి లోతు గుంట తవ్వుతారు. అందులో కట్టెలు, ఎండు కొబ్బరి డొక్కలు పేర్చి, పైన పిడికిలి కన్నా కాస్త పెద్ద రాళ్లు గుట్టగా పోస్తారు. ఏ రాయి పడితే ఆ రాయి పనికిరాదు. కొన్ని రాళ్లు వేడికి టప్‌మని పేలతాయి. అందుకే మంటకు తట్టుకున్న రాళ్లను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడతారు. మంట బాగా కాలి రాళ్లు తెల్లబడ్డాక, కాలకుండా మిగిలిన కట్టెలను పొడవాటి కర్రలతో పక్కకు లాగేసి, రాళ్లను చదును చేస్తారు. పైన పచ్చి కొబ్బరి మట్టలు పరుస్తారు.

ఆ తర్వాత వరస ముఖ్యం. ఎక్కువ వేడి కావాల్సిన పంది మాంసం, దుంపలు అడుగున. కోడి, చేప వాటి మీద. ఆకుల్లో చుట్టిన పలుసామి పొట్లాలు అన్నిటికన్నా పైన. ఒకప్పుడు కొబ్బరాకులతో అల్లిన బుట్టల్లో పెట్టేవారు. ఇప్పుడు చాలామంది అల్యూమినియం రేకు చుడుతున్నారు, సువా లాంటి చోట్ల మరీనూ. ఆకులో చుట్టినదానికి ఉండే వాసన రేకులో రాదని నా నమ్మకం. పైన అరిటాకులు, తడిపిన గోనెసంచులు కప్పి, మొత్తం మీద మట్టి పోస్తారు. ఎక్కడైనా సన్నగా ఆవిరి లేస్తే వెంటనే గుప్పెడు మట్టి తెచ్చి అక్కడ అదుముతారు. ఆవిరి బయటికి పోయిందంటే లోపలి మాంసం పచ్చిగా మిగులుతుంది.

రెండు మూడు గంటల్లో ఉడికిపోతుంది. చాలా ఇళ్లలో మట్టి కప్పేసి చర్చికి వెళ్తారు, తిరిగొచ్చాక తీస్తారు. తీసేటప్పుడు మట్టి ఆహారంలో పడకుండా సంచులను అంచుల నుంచి నెమ్మదిగా మడతపెడుతూ ఎత్తడం ఒక నేర్పు. ఈ పని పెద్దవాళ్లు పిల్లల చేతికి ఇవ్వరు, పక్కన నిలబెట్టి చూపిస్తారు.

ఇంకా ఏమేం తింటారు? మాంసం తినని వాళ్ల సంగతేంటి?

దాలో అనే చేమదుంప, కర్రపెండలం, పెండలం, చిలగడదుంప లేనిదే విందు లేదు. అన్నం స్థానం వీటిదే.

పలుసామి గురించి కాస్త చెప్పాలి. లేత చేమాకులు నాలుగైదు ఒకదాని మీద ఒకటి అరచేతిలో దొప్పలా పట్టుకుంటారు. అందులో చిక్కటి కొబ్బరిపాలు, తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, చాలా ఇళ్లలో డబ్బా గొడ్డుమాంసం కూడా వేసి, అంచులన్నీ పైకి దగ్గరికి తెచ్చి మూటలా చుడతారు. చేమాకు పచ్చిగా మిగిలితే గొంతు దురద పెడుతుందని మనకూ తెలిసిందే, అందుకే బాగా ఉడకనిస్తారు. ఉడికాక ఆకు, కొబ్బరిపాలు కలిసి వెన్నలా అవుతాయి. దుంప ముక్క దానిలో అద్దుకుని తింటే ఇంక వేరే కూర అక్కర్లేదు.

కొకొండా అని పచ్చి చేప వంటకం ఒకటుంది. చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెడితే పులుపుకి ముక్క తెల్లబడి గట్టిపడుతుంది. తర్వాత కొబ్బరిపాలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి కలిపి చల్లగా పెడతారు. తీపిలో పురీనీ ముఖ్యం. చక్కెరను నల్లబడేదాకా మాడ్చి, కొబ్బరిపాలు పోసి, పిండి కలిపి, డబ్బాలో పోసి ఆవిరి మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఇంగ్లీషువాళ్ల పుడ్డింగు ఫిజీ కొబ్బరిచెట్టు కిందకు వచ్చి ఇలా మారింది. కర్రపెండలం తురుముతో చేసే వకలోలో కూడా పండగ తీపే.

మాంసం తినని వాళ్లు దుంపలు, పళ్లు, మాంసం లేని పలుసామితో హాయిగా కడుపు నింపుకోవచ్చు. గొడ్డుమాంసం తినకపోతే మాత్రం పలుసామి తీసుకునేముందు అడగండి. అక్కడ హిందువులు తరతరాలుగా ఉన్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు, విడిగా చుట్టిపెట్టిన పొట్లం చూపిస్తారు.

యంగోనా తాగడం తప్పనిసరా? అది మత్తు పానీయమా?

కావా అని మిగతా ప్రపంచం అనేదాన్నే ఫిజీలో యంగోనా అంటారు, వాడుకలో గ్రాగ్ అనీ అంటారు. మిరియాల జాతికి చెందిన ఒక మొక్క వేరును దంచి, నీళ్లలో కలిపి వడగడతారు. మద్యం కాదు. నాలుక, పెదవులు కాసేపు మొద్దుబారతాయి, ఒళ్లు నెమ్మదిస్తుంది, మాట మెల్లగా వస్తుంది. మట్టి రంగు, చేదు రుచి.

నాలుగైదు కాళ్లున్న తనోవా అనే పెద్ద చెక్క గిన్నెలో కలుపుతారు. కొబ్బరి చిప్పతో చేసిన బిలోలో పోసి ఒక్కొక్కరికీ వరసగా అందిస్తారు. మీ వంతు రాగానే ఒక్కసారి చప్పట్లు కొట్టి, బులా అని, గుక్కలో తాగేయాలి. చిప్ప ఖాళీ కాగానే చుట్టూ ఉన్నవాళ్లు మథా అంటారు, మూడుసార్లు చప్పట్లు. చప్పట్లు కూడా అరచేతులు గుంటగా పట్టి, బరువైన చప్పుడు వచ్చేలా కొడతారు. మొదటి చిప్ప ఊరిపెద్దకు.

క్రిస్మస్ సాయంత్రం నుంచి ఈ గిన్నె చుట్టూ కబుర్లు, గిటార్, పాటలు అర్ధరాత్రి దాటి సాగుతాయి. ఊరి తగాదాలు తీర్చుకునేది, ఏడాదంతా కనబడని అన్నదమ్ములు మళ్లీ మాట కలిపేది ఇక్కడే. కనీసం మొదటి చిప్ప పుచ్చుకోవడం మర్యాద. ఎక్కువ వద్దనుకుంటే కొద్దిగా పోయమని చెప్పొచ్చు, దానికి వాళ్లు వాడే మాట లో టైడ్, నిండుగా కావాలంటే హై టైడ్. కాలేయ జబ్బున్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు తాగకూడదు. దాని మీద మద్యం తాగడం కూడా మంచిది కాదు.

క్రిస్మస్ చెట్టు, బహుమతులు, క్రిస్మస్ తాత?

సువా, నాందీ, లౌతోకా దుకాణాల్లో అన్నీ ఉంటాయి. ఊళ్లలో పిల్లలకు కొత్త బట్టలు, ఊరికి వచ్చినవాళ్లు తెచ్చిన మిఠాయిలు, అంతే. బహుమతి పొట్లాలకు అక్కడ పెద్ద ప్రాధాన్యం లేదు.

రొటూమాలో క్రిస్మస్ వేరుగా ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే, నాకు బాగా ఇష్టమైన భాగం కూడా ఇదే. రొటూమా ఫిజీ దేశంలో భాగమే గానీ, ప్రధాన దీవులకు ఉత్తరాన దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉన్న చిన్న దీవి. అక్కడి భాష వేరు, మనుషుల ఆచారాలు వేరు. 1881లో బ్రిటన్ దాన్ని ఫిజీతో కలిపి పాలించడం మొదలుపెట్టింది. దీవిలో ఉండేది రెండువేల లోపు మందే. రొటూమన్లలో చాలామంది సువాలోనూ విదేశాల్లోనూ స్థిరపడ్డారు.

డిసెంబరు నుంచి జనవరి మధ్య దాకా అక్కడ ఆటపాటల కాలం. ఈ రోజుల్లో తోటపని తగ్గించి, అందరూ సరదాలకు దిగుతారు. రాత్రుళ్లు ఫరా జరుగుతుంది. కుర్రాళ్లు, ఆడపిల్లలు, పెద్దవాళ్లు గుంపుగా, గిటార్, ఉకులేలే పట్టుకుని ఒక ఇంటి ముందుకు వెళ్లి పాట ఎత్తుకుంటారు, చప్పట్లతో నాట్యం చేస్తారు. ముందు కబురు పెట్టరు. ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నా లేచి వస్తారు. టాల్కం పౌడరు డబ్బా, సెంటు సీసా తీసుకుని వచ్చి, పాడుతున్నవాళ్ల తలల మీద పౌడరు చల్లి, మెడ మీద సెంటు కొడతారు. తర్వాత పుచ్చకాయ ముక్కలు, తాగడానికి ఏదైనా. కొంతసేపయ్యాక ఆ ఇంటివాళ్లలో కొందరు కూడా గుంపులో కలిసి పక్కింటికి బయల్దేరతారు. అలా గుంపు పెరుగుతూ తెల్లవారుతుంది.

మన ఊళ్లలో క్రిస్మస్ ముందు ఇంటింటికీ కేరల్స్ పాడుతూ తిరిగే బృందాన్ని చూసినవాళ్లకు ఇది కొంచెం తెలిసినట్టే ఉంటుంది. కాకపోతే ఫరాలో నాట్యం, నవ్వులాట పాలు ఎక్కువ. ఈడొచ్చిన పిల్లలు ఒకరినొకరు చూసుకోవడానికి, మాట కలపడానికి పెద్దలు అడ్డుచెప్పని సమయం ఇది. ఎంత దూరాన ఉన్నా డిసెంబరుకి ఇంటికి రావాలని రొటూమన్లు తహతహలాడేది దీనికోసమే.

కొత్త సంవత్సరం దాకా సాగుతుందా?

సాగుతుంది, కొన్ని ఊళ్లలో జనవరి అంతా. డిసెంబరు 31 రాత్రి చర్చిలో ప్రార్థన, అర్ధరాత్రి కాగానే లాలీ, డబ్బాలు, గిన్నెలు, ఏది దొరికితే అది మోగించడం. వెదురు బొంగులో కిరసనాయిలు ఆవిరికి నిప్పందించి ఢాంమనిపించే వెదురు ఫిరంగులు కుర్రాళ్ల ముచ్చట. కనుబొమలు కాల్చుకునేవాళ్లూ ఉంటారు, పిల్లలతో వెళ్తే దూరంగా ఉండండి.

జనవరి 1 నుంచి నీళ్లు. దారిన పోయేవాళ్ల మీద బకెట్లతో గుమ్మరిస్తారు. పెద్దా చిన్నా తేడా లేదు, కోపం తెచ్చుకోకూడదన్నది ఒక్కటే నియమం. ఫోను సంచిలో కట్టుకుని బయటికి వెళ్లండి. ఆడవాళ్లు జట్లుగా చేరి నారింజకాయను కాలితో తన్నే పాత ఆట ఒకటుంది, ఓడిన జట్టు గెలిచినవాళ్లకు యంగోనా ఇచ్చుకోవాలి.

అక్కడి భారతీయులు, తెలుగువాళ్లు క్రిస్మస్ చేసుకుంటారా?

1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి ఒప్పంద కూలీలను దింపింది. 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలయ్యాయి. 1916 దాకా వచ్చిన 60,000 మందికి పైగా కూలీల్లో దాదాపు 15,000 మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. ఇంగ్లీషు అగ్రిమెంటు అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది, వాళ్లు గిర్మిటియాలయ్యారు. 1926లో దక్షిణాదివాళ్లంతా కలిసి సంగం పెట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్లు ఆంధ్ర సంగాన్ని వేరుగా ఏర్పాటు చేసుకున్నారు. రెండూ బడులు నడిపాయి. ఈ తరంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువ, ఫిజీ హిందీదే రాజ్యం. నాయుడు, రెడ్డి వంటి పేర్లు మాత్రం నిలబడ్డాయి.

వీళ్లలో ఎక్కువమంది హిందువులు. అయినా డిసెంబరు సెలవులను కుటుంబమంతా కలిసే రోజులుగా చేసుకుంటారు. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు వలసపోయారు. వాళ్ల పిల్లలు సెలవులకు తాతల ఇంటికి వచ్చేది ఇప్పుడే. మేక కూర, బాతు కూర, నది ఒడ్డుకో సముద్రం ఒడ్డుకో పిక్నిక్, సాయంత్రం గ్రాగ్ గిన్నె. తనోవా చుట్టూ భారతీయులూ ఇతౌకేయిలూ పక్కపక్కనే కూర్చోవడం మామూలు దృశ్యం. లోవో తీసిన ఇంటి నుంచి పక్కింటి హిందూ కుటుంబానికి దుంపల పళ్లెం వెళ్తుంది, దీపావళికి అటు నుంచి మిఠాయిలు ఇటు వచ్చి ఉంటాయి. ఆ దేశ రాజకీయాలు ఈ రెండు జాతుల మధ్య ఎన్ని గోడలు కట్టినా ఈ పళ్లేలు ఆగలేదు. ఫిజీ గురించి రాసేవాళ్లు తిరుగుబాట్ల గురించి రాసినంతగా దీని గురించి రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

భారతీయ క్రైస్తవులూ ఉన్నారు, సంఖ్య తక్కువ. 1897లో సువా వచ్చిన హన్నా డడ్లీ అనే మెథడిస్టు మిషనరీ కూలీల పిల్లలకు బడి పెట్టింది. ఆమె పేరున్న చర్చి సువాలో ఇప్పటికీ ఉంది.

పసిఫిక్ దీవులన్నిటిలో ఇలాగే ఉంటుందా?

నేలపొయ్యి, చర్చి పాట, ఊరికి చేరడం చాలాచోట్ల ఉమ్మడి. టోంగా, సమోవాల్లో ఆ పొయ్యిని ఉము అంటారు. వెదురు ఫిరంగులు టోంగాలోనూ ఉన్నాయి. మార్షల్ దీవుల్లో ఊరు జట్లుగా విడిపోయి నెలల తరబడి పాటలు, నాట్యాలు సాధన చేసి, క్రిస్మస్ రోజు చర్చిలో పోటీపడి ఆడుతుంది. కిరిబాటీలో పెద్ద సమావేశ మందిరంలో ఊరంతా రోజుల తరబడి కలిసి ఉంటారు. ఆ దేశంలోని కిరితిమాతి దీవికైతే పేరే క్రిస్మస్ నుంచి వచ్చింది, 1777 డిసెంబరు 24న కెప్టెన్ కుక్ అక్కడికి చేరాడు.

తుపానుల కాలం కదా, పండగ ఆగిపోదా?

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలమే. 2012 డిసెంబరులో ఇవాన్ వచ్చింది. 2020 డిసెంబరు 17న అత్యంత తీవ్రమైన ఐదో శ్రేణి తుపాను యాసా వనువా లెవులోని బువా ప్రాంతాన్ని తాకింది. పండగకు వారం ముందు ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి, తోటల్లో దుంపలు, కొబ్బరిచెట్లు నేలకూలాయి, వేలమంది సహాయ శిబిరాల్లో తలదాచుకున్నారు. అలాంటి ఏడాది విందు ఉండదు, ప్రార్థన ఉంటుంది, ఉన్నది పంచుకుంటారు. మీరు డిసెంబరులో వెళ్తే ప్రయాణ బీమా తీసుకోండి, చిన్న దీవులకు వెళ్లే ముందు వాతావరణ హెచ్చరికలు చూడండి.

పండగ రోజుల్లో ఊరికి వెళ్లాలంటే ఏ మర్యాదలు పాటించాలి?

పిలుపు లేకుండా వెళ్లకండి. ఆ ఊరి మనిషి ఎవరైనా వెంట ఉంటే మంచిది. సంతలో అర కిలో యంగోనా వేరు, దంచనిది, కాగితంలో చుట్టించుకుని తీసుకెళ్లండి. దాన్ని ఊరిపెద్ద ముందు పెట్టడాన్ని సెవుసెవు అంటారు. అది అయ్యాకే మీరు ఆ ఊరి అతిథి. ఊళ్లో టోపీ, నల్లకళ్లద్దాలు తీసేయాలి, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చెప్పులు గడప బయటే. ఎవరి తలా తాకకండి, పిల్లల తలైనా సరే. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి వెళ్లాల్సివస్తే వంగి, తులో అంటూ దాటాలి. ఆదివారం ఈత, ఆటలు, గోల చాలా ఊళ్లలో కుదరదు. సెవుసెవుతో పాటు పిల్లలకు పుస్తకాలు, ఇంటికి పాలపొడి, టీపొడి, చక్కెర తీసుకెళ్తే నిజంగా ఉపయోగపడతాయి.

శుభాకాంక్షలు ఎలా చెప్పాలి? ఇండియా నుంచి ఎప్పుడు ఫోన్ చేయాలి?

మరావు నా కెరిసిమసి అంటే చాలు. ఎవరైనా మీకు చెబితే వినాకా అనండి, అంటే థాంక్స్. ఫిజీ మనకన్నా ఆరున్నర గంటలు ముందుంటుంది. మన దగ్గర డిసెంబరు 24 సాయంత్రం 5:30 అయ్యేసరికి అక్కడ 25 మొదలవుతుంది. 25 పొద్దున వాళ్లు చర్చిలో ఉంటారు, ఆ తర్వాత లోవో దగ్గర. మన టైములో 25 మధ్యాహ్నం పన్నెండు తర్వాత చేస్తే అందరూ భోంచేసి తీరిగ్గా కూర్చుని ఉంటారు, ఒకరి తర్వాత ఒకరు ఫోను అందుకుంటారు. దూరపు దీవుల్లో సిగ్నల్ సరిగా ఉండదు, అలాంటివాళ్లకు ముందురోజే ఒక మెసేజ్ పెట్టి ఉంచండి.